పైలట్ లైసెన్స్ చేతికొచ్చాక పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో పైలట్ శిక్షణ ఖర్చుల గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచే ఎక్కువ. దుబాయికి, మస్కట్‌కు కూలి పనికి పోయినవాళ్ల ఇండ్లలో పిల్లలు ఇప్పుడు విమానం నడుపుతామంటున్నారు. నాకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది! నేను పైలట్‌ను కాదు. గల్ఫ్‌లో ఒక విమాన సంస్థలో పైలట్ల లైసెన్సులు, వీసాలు, మెడికల్ రిపోర్టులు చూసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, హన్మకొండకు తిరిగొచ్చినదాన్ని. బాగా విమానం నడిపే పిల్లలు కూడా కాగితాల దగ్గర ఎలా ఆగిపోతారో ఆ కుర్చీలో కూర్చుని చూశాను. అందుకే ఈసారి పౌరసత్వం, వీసా గురించి అడిగిన ఉత్తరాలే ఏరి జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. మావోడు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతోని పాసైండు. హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాల ట్రైనింగ్ ఇప్పిస్తం, అక్కడ పైలట్లు దొరుకుతలేరు, లైసెన్స్ రాంగనే అక్కడి ఎయిర్‌లైన్సే తీస్కుంటది అంటున్నరు. రోడ్డు మీద రెండెకరాలు ఉన్నయి. అమ్మాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పుండ్రి.

జవాబు: అన్నా, ఒక్క మాటంటే, ఇప్పుడే అమ్మకండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

కన్సల్టెన్సీ చెప్పిన మొదటి సగం నిజమే. అమెరికాలో శిక్షణ పొందితే అక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏ నుంచి కమర్షియల్ లైసెన్స్ వస్తుంది. విదేశీ విద్యార్థులకు వేలిముద్రలు తీసుకుని భద్రతా పరిశీలన చేస్తారు. అది దాటి, పరీక్షలు పాసైతే లైసెన్స్ ఇవ్వడానికి మీ అబ్బాయి భారతీయుడన్నది అడ్డు కాదు. అయితే ఎఫ్ఏఏ చెప్పేది 'ఇతనికి విమానం నడపడం వచ్చు' అని మాత్రమే. 'ఇతను మా దేశంలో జీతం తీసుకుని పని చేయొచ్చు' అని చెప్పాల్సింది ఇమ్మిగ్రేషన్ శాఖ. ఇక్కడ ఆర్టీవో ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఆర్టీసీలో ఉద్యోగం ఇవ్వరు కదా, ఇదీ అంతే.

ఇక లెక్క చూడండి. ఫ్లయింగ్ స్కూల్‌కు పోయే పిల్లలకు సాధారణంగా ఎం-1 వీసా ఇస్తారు. కోర్సు అయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్ పేరుతో, నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, మొత్తం ఆరు నెలలు మించకుండా పని చేయనిస్తారు. అక్కడికి పోయాక ఎం-1ను, యూనివర్సిటీ విద్యార్థులకిచ్చే ఎఫ్-1గా మార్చుకోవడానికి కుదరదు. యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీకి ఎఫ్-1 మీద పోతే 12 నెలల పని అనుమతి దొరుకుతుంది, కానీ ఆ నాలుగేళ్ల ఫీజు మీ రెండెకరాలతో తేలదు.

అసలు అడ్డం తర్వాత వస్తుంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత అమెరికా చట్టం మార్చింది. 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ సీట్లో కూర్చోవాలన్నా 1,500 గంటలు నడిపిన అనుభవం ఉండాలి. గుర్తింపు ఉన్న కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేస్తే 1,000 గంటలకు తగ్గిస్తారు. మీవాడు శిక్షణ ముగించేనాటికి లాగ్‌బుక్‌లో ఉండేది దాదాపు 250 గంటలు. మిగతా 1,250 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? అక్కడి పిల్లలు ఒకటి రెండేళ్లు ఇన్‌స్ట్రక్టర్లుగా కొత్తవాళ్లకు నేర్పుతూ కూడబెట్టుకుంటారు. వాళ్లకు వీసా గడువు లేదు. మనవాడికి ఆరు నెలలే.

పోనీ ఎలాగో ఆ గంటలు నిండాయే అనుకుందాం. అక్కడి ఎయిర్‌లైన్ దరఖాస్తు తెరవగానే అడిగే ప్రశ్న, శాశ్వతంగా పని చేసే హక్కు ఉందా అని. అంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు పోయే హెచ్-1బీ ఉంది కదా అంటారు. ఆ వీసాకు ఉద్యోగం ఒక ప్రత్యేక సబ్జెక్టులో డిగ్రీ ఉంటే తప్ప చేయలేనిదై ఉండాలి. పైలట్ ఉద్యోగాన్ని సాధారణంగా అలా లెక్కించరు. ఆస్ట్రేలియా వాళ్లకు ఈ-3 అని వేరే వీసా ఉంది, దాని మీద అక్కడి పైలట్లు కొందరు అమెరికాలోని చిన్న ఎయిర్‌లైన్స్‌లో చేరారు. అది వాళ్ల పాస్‌పోర్టుకే. ఇక ఉద్యోగాల కోటా గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతం మించి ఇవ్వరు. ఇండియా క్యూ ఎంత పొడుగో సాఫ్ట్‌వేర్ పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు.

కాబట్టి పైలట్లు దొరకడం లేదన్న మాట నిజమైనా, ఆ కొరత మీ అబ్బాయి కోసం తలుపు తీయదు. చివరికి అతను వచ్చేది ఇండియాకే. ఇక్కడ మన విమానయాన శాఖ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి ఆ లైసెన్స్‌ను మన లైసెన్స్‌గా మార్చుకోవాలి. అదేం తప్పుడు దారి కాదు, వేల మంది చేసినదే. అమెరికాలో వాతావరణం బాగుండి తొందరగా గంటలు అవుతాయని పోయి, తిరిగొచ్చి ఇక్కడ చేరినవాళ్లు ఉన్నారు. కానీ ఆ ఉద్దేశంతోనే పోవాలి. అక్కడ ఉద్యోగం వస్తుందని పోకూడదు.

ముందు చేయాల్సినవి ఉన్నాయి, వాటికి భూమి అమ్మే పని లేదు. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్-2 మెడికల్, ఆ తర్వాత క్లాస్-1 చేయించండి. రంగులు గుర్తించడంలో లోపమో, గుండెకు సంబంధించిన సమస్యో ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత డీజీసీఏ కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పేపర్లు ఇంటి దగ్గర చదివి రాయమనండి. ఆ పేపర్లు పాసైన పిల్లవాడి మీద డబ్బు పెట్టొచ్చు. కన్సల్టెన్సీ వాళ్లను మాత్రం ఒక్కటి అడగండి: అమెరికా ఎయిర్‌లైన్‌లో మావాడు ఏ వీసా కేటగిరీ మీద పని చేస్తాడో మీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. నాకు తెలిసి ఎవరూ ఇవ్వరు. ఇస్తే ఆ కాగితం ఇంకో చోట చూపించి కనుక్కున్న తర్వాతే అడ్వాన్స్ కట్టండి.

ప్రశ్న: మన దగ్గర 200 గంటల లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలు రెండేళ్లుగా ఖాళీగా ఉన్నారు. మన ఎయిర్‌లైన్స్ మాత్రం విదేశీ కెప్టెన్లను తెచ్చి లక్షల జీతాలు ఇస్తున్నాయి. ఇది అన్యాయం కాదా? – ఒక రిటైర్డ్ టీచర్, వరంగల్

జవాబు: సార్, మీ బాధ అర్థమైంది. కానీ ఆ సీటూ ఈ పిల్లల సీటూ ఒకటి కావు. విదేశీయులను తెచ్చేది ఎక్కువగా కెప్టెన్లుగానూ, కొత్త రకం విమానం వచ్చినప్పుడు ట్రైనర్లుగానూ. 200 గంటల పిల్లవాడు ఆ సీట్లోకి రావడానికి ఏళ్లు పడుతుంది. డీజీసీఏ వాళ్లకిచ్చేది ఫాటా అనే తాత్కాలిక అనుమతి, శాశ్వత లైసెన్స్ కాదు. వాళ్లకూ అడ్డాలున్నాయి: భద్రతా క్లియరెన్స్, ఎంప్లాయ్‌మెంట్ వీసా, ఆ వీసాకు ఏడాదికి కనీసం 16.25 లక్షల జీతం ఉండాలన్న నిబంధన.

దీనికి మూలం 1944 నాటి షికాగో ఒప్పందంలో ఉంది. 32వ అధికరణం ప్రకారం అంతర్జాతీయంగా తిరిగే విమానం ఏ దేశంలో రిజిస్టరైతే, ఆ దేశం ఇచ్చిన లేదా ఆ దేశం ఆమోదించిన లైసెన్స్ పైలట్ దగ్గర ఉండాలి. విమానం మీద పెద్ద అక్షరాలతో రాసేది అదే. మన విమానాల మీద వీటీ, అమెరికావైతే ఎన్, దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశానివైతే ఏ6. ఇండిగో సంస్థ టర్కీ ఎయిర్‌లైన్ నుంచి అద్దెకు తెచ్చుకున్న బోయింగ్ 777లు టర్కీ రిజిస్ట్రేషన్‌తోనే ఉండేవి కాబట్టి వాటిని టర్కీ పైలట్లు నడిపారు. మన పైలట్ ఎంత అనుభవం ఉన్నవాడైనా, మన లైసెన్స్‌తో నేరుగా ఆ సీట్లో కూర్చోలేడు.

ప్రశ్న: అక్కా, నేను జగిత్యాల. ఎయిర్‌బస్ 320 మీద కో-పైలట్‌గా 900 గంటలు చేసిన. మా కంపెనీ మూతపడ్డది, అప్పటి నుంచి ఇంట్లనే ఉన్న. మా బావ దుబాయిల డ్రైవర్. అక్కడ వీసా కంపెనీయే ఇస్తది, లైసెన్స్ ఉంటే చాలు అంటున్నడు. ఒక ఏజెంటు గల్ఫ్ ఎయిర్‌లైన్ల పెట్టిస్త, నాలుగు లక్షలియ్యమంటున్నడు. ఇయ్యొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. పైలట్‌ను తీసుకునే ఏ మంచి ఎయిర్‌లైనూ అభ్యర్థి నుంచి డబ్బు తీసుకోదు. ఎమిరేట్స్ దేశ చట్టం ప్రకారం ఉద్యోగిని తెచ్చుకునే ఖర్చు యజమానే భరించాలి. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవడానికి లేదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో నువ్వే చూసుకోవచ్చు. నాలుగు లక్షలు అడిగినవాడి నంబర్ అందులో దొరుకుతుందని నాకు నమ్మకం లేదు.

బావ చెప్పింది కొంత నిజం. అమెరికాలా కాదు, గల్ఫ్‌లో పాస్‌పోర్టు రంగు చూసి తలుపు వేయరు. పెద్ద సంస్థల్లో రకరకాల దేశాల పైలట్లు పక్కపక్కన కూర్చుని నడుపుతారు. వీసాకు సంస్థే స్పాన్సర్. ఆ దేశాల్లోనూ సొంత పౌరులకే ఉంచిన సీట్లు ఉన్నాయి. ఏమీ రాని పిల్లవాణ్ని తీసుకుని పైలట్‌ను చేసే ఎమిరేట్స్ విమాన సంస్థ నేషనల్ క్యాడెట్ కార్యక్రమం అక్కడి పౌరులకే. బయటివాళ్లను తీసుకునేది తయారైన పైలట్‌గా. అంటే ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్స్), పెద్ద విమానం మీద వేల గంటలు, ఇటీవలి నెలల్లో నడిపినట్టు లాగ్‌బుక్‌లో రుజువు. నీ దగ్గర 900 గంటలే ఉన్నాయి, పైగా కొంతకాలంగా సీట్లో లేవు. కాబట్టి ముందు నీ మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువులు చూసుకుని, ఇక్కడి ఎయిర్‌లైన్స్‌లో ఎయిర్‌బస్ నడిపేవాటికే దరఖాస్తు పెట్టు. నీ టైప్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే అనుమతికి, ఇక్కడే విలువెక్కువ. ఇక్కడ 1,500 దాటి ఏటీపీఎల్ తీసుకున్నాక గల్ఫ్ గురించి ఆలోచించు. అప్పటికీ ఒకటి గుర్తుంచుకో: 2017 డీజీసీఏ నిబంధన ప్రకారం ఉద్యోగం మానే కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. విదేశీ సంస్థ అడిగిన తేదీకి చేరతానని తొందరపడి మాటివ్వద్దు.

కంపెనీ వీసా అంటే ఇంకో సంగతి కూడా ఉంది. ఉద్యోగం పోతే నివాసం కూడా దాని వెంటే పోతుంది. కొన్నాళ్ల గడువులో కొత్త స్పాన్సర్ దొరక్కపోతే ఇల్లు, కారు లోను, పిల్లల స్కూలు అన్నీ వదిలి రావాలి. కరోనా ఏడాది మా విభాగంలో పైలట్ల ఎగ్జిట్ కాగితాలే ఎక్కువ. అందుకే అక్కడ చేరాక కూడా నీ డీజీసీఏ లైసెన్స్‌ను రెన్యూ చేయకుండా వదలొద్దు. తిరిగొచ్చిన రోజు నీకు అన్నం పెట్టేది అదే.

ఇప్పుడు నీలాంటి పిల్లలందరికీ చెప్పాల్సింది: పేరు. దరఖాస్తులు ఎక్కువగా నా బల్ల మీద ఆగింది దీని దగ్గరే. మన వైపు కుర్రాళ్ల ఫైలు ఒకటి తీస్తే ఇలా ఉంటుంది. ఎస్సెస్సీ మెమో మీద 'కె. రాజు'. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, సొంత పేరు గడిలో 'రాజు కొండ' అని రెండూ కలిపి. అమెరికాలో శిక్షణకు పోయాడు కాబట్టి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని వాళ్లు పేరంతా ఇంటిపేరు కింద వేసి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని కొట్టారు. మొదటి పేరు తెలియదని దానర్థం. ఎఫ్ఏఏ లైసెన్స్ మీద కూడా ఎఫ్ఎన్‌యూ ఎక్కింది. ఇండియాకు వచ్చాక డీజీసీఏ లైసెన్స్ మెమో ప్రకారం 'రాజు కె' అయింది. నాలుగు కాగితాలు, నలుగురు మనుషులు! గల్ఫ్‌లో లైసెన్స్ ఇచ్చే అధికారి నేరుగా డీజీసీఏకు రాసి, ఈ నంబరు లైసెన్స్ ఈ పేరు మనిషిదేనా అని ధ్రువీకరణ తెప్పించుకుంటాడు. జవాబులో పేరు తేడా వస్తే ఫైలు పక్కన పెడతాడు. ఆ పిల్లవాడు నడపడంలో ఎంత గట్టివాడో ఆ అధికారికి అక్కర్లేదు. 2022 నవంబరు నుంచి ఎమిరేట్స్ దేశం పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి రెండో గడి ఖాళీ ఉంటే విజిట్ వీసా కూడా ఇవ్వడం లేదు.

కాబట్టి ఇవాళే నీ పాస్‌పోర్టు తెరిచి చూడు. గడి ఖాళీగా ఉంటే, ఉన్న పేరునే ఇంటిపేరు, సొంత పేరుగా విడగొట్టి రీ-ఇష్యూకు పెట్టు. కరీంనగర్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. తర్వాత డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలోని నీ ఖాతాలోనూ అదే పేరు చేయించుకో. డిగ్రీ, ఇంటర్ సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు ఇప్పుడు ఢిల్లీ పోనక్కర్లేదు, విదేశాంగ శాఖ పని హైదరాబాద్‌లోనే అవుతుంది. లాగ్‌బుక్ పేజీల మొత్తాలు మరోసారి కూడి చూసుకో. ఒక్క పేజీలో గంటల కూడిక తప్పితే, ఆ పేజీ తర్వాతవన్నీ తప్పే.

ప్రశ్న: మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తున్నారు కదా, మా బాబు పైలట్ అయితే వరంగల్‌లోనే ఉద్యోగం చేయొచ్చా? – ఒక తల్లి, ఖిలా వరంగల్

జవాబు: అమ్మా, నిజాం కాలపు ఆ రన్‌వే మీద మళ్లీ విమానం దిగాలని నేనూ ఎదురుచూస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అయితే ఎయిర్‌పోర్టు ఉన్నచోటల్లా పైలట్ ఉద్యోగాలు ఉండవు. పైలట్ ఉండేది ఎయిర్‌లైన్ బేస్ పెట్టిన ఊళ్లో. మనకు అది హైదరాబాద్. బాబు శంషాబాద్ బేస్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో వరంగల్ రావడం మాత్రం సాధ్యమే.

ప్రశ్న: మేడమ్, నేను హన్మకొండ అమ్మాయిని. ఇక్కడి ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ను, 2,300 గంటలు, ఏటీపీఎల్ ఉంది. పెళ్లయింది, మావారు మ్యూనిక్‌లో ఇంజినీర్, ఈయూ బ్లూ కార్డు మీద ఉన్నారు. నేను అక్కడికి వెళ్లి విమానం నడపగలనా? అత్తగారింట్లో "ఉద్యోగం మానేసి వెళ్లు, అక్కడ చూసుకోవచ్చు" అంటున్నారు.

జవాబు: బిడ్డా, ముందు మానేయకు. నీ సంగతి హుజూరాబాద్ అన్న కొడుకు సంగతికి సరిగ్గా తలకిందులు. బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు యూరప్ దేశాలిచ్చే నివాస అనుమతి) ఉన్న మనిషి భార్యగా జర్మనీలో ఏ పనైనా చేసుకునే హక్కు నీకు వస్తుంది. నాలాంటివాళ్లం చాలా మందికి ఇప్పించలేకపోయిన కాగితం అది. నీకు లేనిది యూరప్ లైసెన్స్.

యూరప్‌లో అక్కడి విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ నిబంధనలు నడుస్తాయి. మన ఏటీపీఎల్‌ను వాళ్లు నేరుగా మార్చి ఇవ్వరు. 13 థియరీ పేపర్లు రాయాలి. మొదటి పేపర్ రాసినప్పటి నుంచి 18 నెలల్లో అన్నీ పూర్తి కావాలి, ఒక్కో పేపర్‌కు నాలుగు సార్లకు మించి అవకాశం లేదు. తర్వాత సిమ్యులేటర్‌లోనో విమానంలోనో స్కిల్ టెస్ట్. వీటన్నిటికంటే ముందు వాళ్ల క్లాస్-1 మెడికల్. మొదటిసారిది వాళ్లు గుర్తించిన ఏరోమెడికల్ సెంటర్లోనే చేయించుకోవాలి, ఇక్కడి రిపోర్టు చెల్లదు. సెలవు మీద మీవారి దగ్గరికి వెళ్లినప్పుడు మొదట ఆ మెడికల్ చేయించుకో. అది వచ్చాకే పుస్తకాలకు, పరీక్షలకు డబ్బు కట్టు. దూరవిద్యలో చదువుతూ పేపర్లు ఇక్కడ ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టొచ్చు. చాలామంది అలాగే చేస్తారు. జీతం వస్తుంది, గంటలు పెరుగుతాయి, నడపడంలో ఖాళీ ఏర్పడదు. యూరప్ సంస్థ నీ దరఖాస్తు తీసుకున్నప్పుడు చివరిసారి ఎప్పుడు నడిపావని అడిగితే, ఏడాదిన్నర కింద అని చెప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోకు.

ప్రకటనల్లో ఒక వాక్యం జాగ్రత్తగా చదువు. 'యూరోపియన్ యూనియన్ అంతటా నివసించి పని చేసే పూర్తి హక్కు ఉండాలి' అని చాలా సంస్థలు రాస్తాయి. నీకు వచ్చేది జర్మనీలో హక్కు. సంస్థ నిన్ను స్పెయిన్ బేస్‌లోనో ఇటలీ బేస్‌లోనో పెడతానంటే ఆ కాగితం సరిపోదు. జర్మనీలో బేస్ ఉన్న సంస్థలనే చూసుకో. వాటిలో కొన్ని జర్మన్ భాష కూడా అడుగుతాయి, ఇప్పటి నుంచే నేర్చుకో. లండన్ మీద ఆశ ఉంటే, బ్రిటన్ 2021 నుంచి ఈఏఎస్ఏలో లేదు. అక్కడి లైసెన్స్ వేరు, వీసా వేరు. నేపథ్య పరిశీలనకు గత ఐదేళ్లలో నువ్వున్న ప్రతి దేశం నుంచి పోలీసు క్లియరెన్స్ చూస్తారు. నీకు ఇండియా ఒక్కటే కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఫస్ట్ ఆఫీసర్ అంటే కో-పైలటే కాబట్టి, ఇక్కడ నువ్వివ్వాల్సిన నోటీసు ఆరు నెలలు. లైసెన్స్ చేతికొచ్చి, అక్కడ ఆఫర్ లెటర్ వచ్చిన తర్వాత ఆ నోటీసు ఇవ్వు. అత్తగారికి ఈ పేజీ చూపించు. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న సీటు అది, కొన్ని నెలల ఎడబాటుకు భయపడి వదిలేస్తే మళ్లీ అందులో కూర్చోవడం చాలా కష్టం. నీకు పైలట్ ఉద్యోగం, కాపురం రెండూ దక్కాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి కెనడా పీఆర్ వచ్చింది. అక్కడే పైలట్ శిక్షణ తీసుకుంటానంటోంది. అక్కడి లైసెన్స్‌ను అమెరికా లైసెన్స్‌గా మార్చుకోవచ్చట, తర్వాత అమెరికా ఎయిర్‌లైన్స్‌కు, లేదంటే దుబాయికి పోతుందట. సరైన ఆలోచనేనా? – మంచిర్యాల నుంచి ఒక తండ్రి

జవాబు: సగం సరైనదే. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్న అమ్మాయి కెనడాలో ఉద్యోగం విషయంలో పౌరురాలితో సమానం. 200 గంటలతో కమర్షియల్ లైసెన్స్ తీసుకుని, ఇన్‌స్ట్రక్టర్‌గానో, ఉత్తరాన మంచు ప్రాంతాల్లోని చిన్న విమానాల మీదో గంటలు కూడబెట్టుకోవచ్చు. అక్కడ చాలామంది కెరీర్ అలాగే మొదలవుతుంది. చలికి, ఊరికి దూరంగా ఉండడానికి సిద్ధమేనా అని అమ్మాయిని అడగండి, అంతే.

అమెరికా లైసెన్స్ కథ మాత్రం మళ్లీ అక్కడికే వస్తుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి లైసెన్స్ మార్చుకోవడం సులువే. పని చేసే హక్కు దాంతో రాదు. కెనడా పౌరులకు అమెరికాలో పని చేయడానికి టీఎన్ అనే వీసా ఉంది, ఆ వృత్తుల జాబితాలో ఎయిర్‌లైన్ పైలట్ లేడు. రేపు అమ్మాయి కెనడా పౌరసత్వం తీసుకున్నా, గ్రీన్‌కార్డు క్యూలో చూసేది పుట్టిన దేశాన్ని. మంచిర్యాలలో పుట్టింది కాబట్టి ఇండియా క్యూలోనే నిలబడాలి. పైగా మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. కెనడా పాస్‌పోర్టు తీసుకుంటే మనది అప్పగించి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకోవాలి.

దుబాయి విషయంలో తొందరపడొద్దనండి. పీఆర్ నిలబడాలంటే ప్రతి ఐదేళ్లలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలి. గల్ఫ్‌లో చేరిన పైలట్ నెలకు రెండు మూడు రోజులు కెనడాకు వచ్చిపోతే ఆ లెక్క నిండదు. ఐదేళ్లలో 1,095 రోజులు పూర్తి చేసి, మిగతా అర్హతలు కూడా ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరసత్వం చేతికొచ్చాక గల్ఫ్‌కు పోతే, అక్కడ ఉద్యోగం పోయినా తిరిగి రావడానికి కెనడా ఉంటుంది. దేశంలో ఉన్న రోజులు, బయట ఉన్న రోజులు ఒక నోట్‌బుక్‌లో తేదీలతో సహా ఇప్పటి నుంచే రాసుకోమని చెప్పండి. విమానం నడిపేవాళ్లకు బయటి ప్రయాణాలు ఎక్కువ, దరఖాస్తులో ప్రతి ప్రయాణమూ అడుగుతారు.